రోడ్డు తుక్కు, కారు టైరు పంక్చరు

రోడ్డు మీద పడి ఉన్న మేకు, స్క్రూ, తీగ, గాజు పెంకు, రాతి ముక్క, యంత్రభాగం వంటిది టైరులో దిగి లోపలి గాలి బయటికి పోయే దారి ఏర్పడటాన్ని పంక్చరు అంటారు. వాడుకలో ఇది పంచరు. గాలి రోజుల తరబడి కొద్దికొద్దిగా దిగితే స్లో పంక్చరు, ఒక్కసారిగా పోయి టైరు చిరిగిపోతే పేలుడు. వాల్వు పాడైనా, రిమ్ము వంగినా, తుప్పు పట్టినా గాలి దిగుతుంది గాని వాటిని పంక్చర్లుగా లెక్కించరు. ఈ వ్యాసం కార్ల టైర్లలో తుక్కు వల్ల కలిగే పంక్చర్లను గురించినది. అందులోనూ మామూలు మేకుతో పోల్చితే గుర్తించడమూ బాగుచేయడమూ కష్టమైన అసాధారణ పంక్చర్లకు ఎక్కువ చోటు ఇచ్చింది.

చరిత్ర

గాలి నింపిన చక్రానికి మొదటి పేటెంటు 1845లో బ్రిటన్‌లో స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ పొందాడు. గుర్రపు బండ్ల కోసం చేసిన ఆ చక్రం వ్యాపారంలో నిలబడలేదు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా పనిచేస్తున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు తయారుచేసి 1888లో పేటెంటు తీసుకున్నాక అది జనంలోకి వెళ్లింది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్న వల్కనైజింగ్ పద్ధతి లేకపోతే ఈ రెండూ సాధ్యమయ్యేవి కావు. గంధకంతో కలిపి వేడిచేసిన రబ్బరే ఎండకు కరగకుండా, చలికి పెళుసెక్కకుండా ఉంటుంది.

తొలి డన్‌లప్ టైరును రిమ్ముకు అంటించేవారు. పంక్చరు పడితే దాన్ని ఊడదీయడానికే గంటలు పట్టేది, మళ్లీ అంటించాక రాత్రంతా ఆరబెట్టాలి. ఫ్రాన్సులోని క్లెర్మాన్ ఫెరాన్ పట్టణంలో రబ్బరు ఫ్యాక్టరీ నడుపుతున్న మిషెలిన్ సోదరులు ఈ అవస్థను చూసి, సులువుగా ఊడదీయగల సైకిలు టైరును 1891లో తెచ్చారు. అదే ఏడాది పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిలు పందెంలో షార్ల్ టెర్రాన్ ఆ టైర్లతో గెలిచాడు. 1895 పారిస్–బోర్డో–పారిస్ కారు పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్లు వేసిన కారును నడిపారు. దారిపొడవునా పంక్చర్లతో సతమతమైనా, గాలి టైరు కారును మోయగలదని అందరి ముందూ చూపించారు. ఆ కాలపు రోడ్ల మీద గుర్రపు నాడాల నుంచి ఊడిన మేకులు విరివిగా ఉండేవి. పంక్చర్లకు ముఖ్య కారణం అవే.

తొలి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధికి చెందిన డేవీస్ సోదరులు 1904లో ఊచలు లేని ఒక చక్రాన్ని తయారుచేశారు. పంక్చరైన చక్రాన్ని ఊడదీయకుండానే దాని పక్కన బిగించుకొని ప్రయాణం సాగించే ఏర్పాటు అది. భారతదేశంలో అదనపు చక్రాన్ని నేటికీ స్టెప్నీ అనే పిలుస్తున్నారు. ట్యూబు అవసరం లేని టైరుకు అమెరికాలో బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ ఇంజనీరు ఫ్రాంక్ హెర్జెగ్ పేరిట 1952లో పేటెంటు వచ్చింది. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ నిర్మాణం, ఈ ట్యూబ్‌లెస్ పద్ధతి కలిసి నేటి కారు టైరు అయ్యాయి. మన దేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ కార్ల కాలమంతా ట్యూబు టైర్లదే.

టైరు నిర్మాణం

పంక్చరు ఎంత ప్రమాదకరమో తెలియాలంటే వస్తువు ఏయే పొరలను దాటిందో చూడాలి. కారు రేడియల్ టైరులో అన్నిటికన్నా లోపల బ్యూటైల్ జాతి రబ్బరుతో చేసిన పలుచటి పొర ఉంటుంది. గాలిని నిలబెట్టేది ఇదే. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు పని ఈ పొర చేస్తుంది. దాని మీద పాలిస్టరు దారాలతో అల్లిన పొర టైరుకు ఆకారాన్ని ఇస్తుంది. ఆ పైన, రోడ్డును తాకే భాగం కింద మాత్రం రెండు ఉక్కు తీగల పట్టీలు ఒకదానికొకటి ఏటవాలుగా ఉంటాయి. అన్నిటి పైన గాళ్లు తీసిన మందపాటి రబ్బరు. కొత్త కారు టైరులో ఈ గాళ్ల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు.

పక్క గోడలో ఉక్కు పట్టీలు ఉండవు. చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ ఆ గోడ వంగి మళ్లీ నిటారుగా అవుతుంది. అందుకే రోడ్డును తాకే భాగంలో పడిన చిల్లును బాగుచేయవచ్చు గాని పక్క గోడలో పడినదాన్ని చేయకూడదు. టైరు అంచున రిమ్మును పట్టుకొని ఉండే గట్టి ఉక్కు చుట్టను బీడు అంటారు. గాలి పూర్తిగా దిగిన టైరు మీద బండి నడిపితే ఈ బీడు రిమ్ము నుంచి జారిపోవచ్చు.

రోడ్డు మీద దొరికే తుక్కు

తుక్కులో ఎక్కువ భాగం బండ్ల నుంచే పడుతుంది. అమెరికాలో ట్రాఫిక్ భద్రతపై పనిచేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ 2016లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2011 నుంచి 2014 వరకు రోడ్డు తుక్కు వల్ల ఆ దేశంలో 2 లక్షలకు పైగా ప్రమాదాలు జరిగాయి, 500 మందికి పైగా చనిపోయారు. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల ప్రమాదాలకు కారణం బండి నుంచి ఊడిపడిన భాగాలు, సరిగా కట్టని సరుకు. అంటే ఇది చాలావరకు నివారించదగినదే.

కట్టడాలు జరిగే చోట సెంట్రింగు చెక్కల నుంచి ఊడిన మేకులు, ఇనుప కడ్డీలు కట్టే బైండింగు తీగ, రూఫింగు రేకుల స్క్రూలు పడి ఉంటాయి. పాత ఇనుము బండ్లు వెళ్లే దారిలో ఏది దొరుకుతుందో చెప్పలేం. ప్రమాదం జరిగిన చోట బండిని తీసేస్తారు గాని అద్దం పెంకులు, బంపరు క్లిప్పులు, చిన్న బోల్టులు రోడ్డు అంచున మిగిలిపోతాయి. నడిచే బండ్ల గాలికి తుక్కు అంతా రోడ్డు మధ్య నుంచి అంచుకు చేరుతుంది. రోడ్డు దిగి ఆగే కార్లకు, ఎడమ అంచున నడిచేవాటికి పంక్చర్లు ఎక్కువ కావడానికి ఇదో కారణం.

పల్లె రోడ్ల తీరు వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చెరువు గట్ల వెంట, బంజర్లలో దట్టంగా పెరిగే సర్కారు తుమ్మ ముల్లు గట్టిది, పొడవైనది. కంప కొట్టి బండి మీద తీసుకుపోయిన దారిలో రాలిన ముళ్లు అరిగిన టైర్లలో సులువుగా దిగుతాయి. ముల్లు లోపల విరిగిపోతే బయట ఆనవాలు కనబడదు. ఎద్దుల నాడాల మేకులు ఇప్పుడు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. గ్రానైటు, కంకర క్వారీల దారుల్లో పదునైన రాతి పలుకులు గాళ్లలో ఇరుక్కొని, మైళ్ల కొద్దీ నడిచాక మెల్లగా లోపలికి దిగుతాయి.

తుక్కు టైరులోకి దిగే తీరు

1,200 కిలోల కారు బరువు నాలుగు చక్రాల మీద సమానంగా పడితే ఒక్కో టైరు 300 కిలోలు మోస్తుంది. టైరులో గాలి 32 పీఎస్‌ఐ ఉంటే అది చదరపు సెంటీమీటరుకు సుమారు రెండుంబావు కిలోల ఒత్తిడి. ఈ లెక్కన రోడ్డును తాకే భాగం 130 చదరపు సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది, ఒక అరచేయంత. నిలబడి ఉన్న మేకు మొన ఈ చోటుకు వచ్చినప్పుడు అక్కడి బరువంతా ఒక బిందువు మీద పడుతుంది. రబ్బరు, ఉక్కు తీగల సందులు దానికి అడ్డు నిలవలేవు.

అయితే రోడ్డు మీద మేకు సాధారణంగా పడుకొని ఉంటుంది, నిలబడి ఉండదు. ముందు చక్రం దాని తలను తొక్కి ఎగరేస్తుంది. అది గాలిలో తిరుగుతూ నిటారుగా అయిన క్షణంలో వెనక చక్రం దాని మీదికి వస్తుంది. వెనక టైర్లకు పంక్చర్లు ఎక్కువగా పడటానికి చెప్పే కారణం ఇదే. వాన పడినప్పుడు నీళ్లు రబ్బరును జారుడుగా చేస్తాయి కాబట్టి మొన ఇంకా తేలికగా దిగుతుంది. మొదటి వానలకు అంచున ఉన్న తుక్కు కొట్టుకొచ్చి రోడ్డు మీదికి చేరడం దీనికి తోడు.

ఒకసారి దిగిన వస్తువు అక్కడితో ఆగదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం నిమిషానికి సుమారు 700 చుట్లు తిరుగుతుంది. అన్ని సార్లూ రోడ్డు ఆ మేకు తలను లోపలికి కొడుతుంది. బయట చిన్న చుక్కలా కనిపించే చిల్లు లోపల ఏటవాలుగా సాగి, తీగల పొరను కోసి ఉండవచ్చు. ఈ సంగతే మరమ్మతు పద్ధతిని నిర్ణయిస్తుంది (చూ. మరమ్మతు).

అసాధారణ పంక్చర్లు

మేకు, స్క్రూ కాకుండా టైర్ల నుంచి మెకానిక్కులు బయటికి తీసేవాటిలో స్పానర్లు, ఎలన్ కీలు, స్క్రూడ్రైవర్ల కొసలు, తాళంచెవులు, గొడుగు ఊచలు, కత్తెర ముక్కలు ఉంటాయి. సన్నగా పొడుగ్గా ఉన్న పనిముట్టు నిలువుగా ఎగిరితే ఒక్కోసారి మొత్తంగా టైరు లోపలికే పోతుంది. బయట చీలిక మాత్రమే కనబడుతుంది. నెమ్మదిగా నడిపితే లోపల లొడలొడ చప్పుడు వస్తుంది. ఇలాంటి టైరును బయట నుంచి చూసి చీలికను పూడ్చడం పనికిరాదు. లోపల దొర్లిన ఇనుము గాలి నిలబెట్టే పొరను ఎక్కడెక్కడ గీకిందో టైరు విప్పితేనే తెలుస్తుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది లారీ టైరు తీగ పంక్చరు. లారీ టైర్లు, ముఖ్యంగా రీట్రెడ్ చేసినవి (అరిగాక పై రబ్బరు కొత్తగా వేసినవి), పేలినప్పుడు రబ్బరు పట్టీలు ఊడి రోడ్డు పక్కన పడి ఉంటాయి. వాటి నుంచి బయటికి వచ్చే ఉక్కు తీగ వెంట్రుక కన్నా కొంచెమే లావు. సెంటీమీటరు పొడవు ముక్క కారు టైరులో దిగితే కంటికి కనబడదు. తీగే చిల్లును చాలావరకు మూసి ఉంచుతుంది కాబట్టి గాలి వారానికి నాలుగైదు పీఎస్‌ఐ మాత్రమే తగ్గుతుంది. చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచినా బుడగలు చాలాసేపటికి గాని రావు. అనుభవమున్న మెకానిక్కు టైరును కొద్ది కొద్దిగా తిప్పుతూ సబ్బు నీళ్లు పూసి, ప్రతి గాడిలోనూ నురగ కడుతుందేమో చూస్తాడు. నురగ లేచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, టైరు విప్పాక లోపల అదే చోట గుడ్డతో తుడుస్తాడు. వేలికి తగలని తీగ కొస గుడ్డ పోగును పట్టుకుంటుంది. అప్పుడు దాన్ని సన్న పట్టకారుతో లాగుతారు. ఈ ఓపిక లేని చోట వాల్వు మార్చి, రిమ్ము అంచు రుద్ది పంపిస్తారు. వారం తిరక్కుండా కారు మళ్లీ వస్తుంది.

గొట్టంలా లోపల బోలుగా ఉన్న వస్తువు దిగితే గాలి దాని గుండానే పోతుంది. పరుగెత్తే కార్లను ఆపడానికి పోలీసులు వాడే ముళ్ల పట్టీల్లో ముళ్లను ఇలాగే బోలుగా చేస్తారు. టైరు పేలకుండా గాలి క్రమంగా దిగి, కారు అదుపులో ఉండగానే ఆగిపోవాలని. పొడవైన కడ్డీ విషయంలో మరో చిక్కు ఉంది. అది రోడ్డును తాకే భాగంలో దిగి లోపల ఏటవాలుగా పక్క గోడను కూడా పొడవవచ్చు. మొదటి చిల్లును పూడ్చి రెండోదాన్ని చూడని మరమ్మతు ప్రమాదకరం.

రోడ్డుకే బిగించిన వస్తువుల వల్ల జరిగిన పంక్చర్లకు ఇటీవలి ఉదాహరణ మహారాష్ట్రలో ఉంది. నాగ్‌పుర్–ముంబయి సమృద్ధి మహామార్గంపై 2025 సెప్టెంబర్‌లో ఛత్రపతి శంభాజీనగర్ దగ్గర ఒక రాత్రి పలు వాహనాల టైర్లు పంక్చరయ్యాయి. రోడ్డు నుంచి పైకి పొడుచుకు వచ్చిన లోహపు ముక్కల వీడియోలు చూసి, ఎవరో దోపిడీ కోసం మేకులు పాతారని ప్రచారం సాగింది. రోడ్డులో పడిన సన్న పగుళ్లలోకి ఎపాక్సీ జిగురు ఎక్కించడానికి అమర్చిన అల్యూమినియం నాజిళ్లవి అని రహదారి సంస్థ వివరించింది. కారణం మరమ్మతు పనే అయినా, బండ్లు తిరిగే రోడ్డుపై వాటిని కాపలా లేకుండా వదిలేయడం ఘోరమైన అలక్ష్యం.

కావాలని మేకులు చల్లిన ఘటనలు లేకపోలేదు. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డుపై మేకుల బెడద పదేళ్ల కిందట పెద్ద వార్త అయింది. అక్కడ ఒక ఐటీ ఉద్యోగి అయస్కాంతం కట్టిన కర్రతో రోజూ మేకులు ఏరి కిలోల కొద్దీ పోగుచేశాడు. అయితే ఏ పంక్చరైనా గిరాకీ కోసం దగ్గరి పంక్చరు దుకాణంవాడు చేసిన పనే అనుకోవడం అన్యాయం. ఎండలో, పొగలో చేతులు నల్లబడేలా పనిచేసి దారిన పోయేవారిని గట్టెక్కించేది కూడా ఆ దుకాణాలే.

పంక్చరు కాని పంక్చరు కూడా ఒకటుంది. గాడిలోని రబ్బరులో దిగిన పొట్టి స్క్రూ ఉక్కు పట్టీ దాకా చేరకపోవచ్చు. దాని చుట్టూ సబ్బు నీళ్లు పోసి నురగ రాకపోతే, స్క్రూ తీసేయడంతో పని అయిపోతుంది. ఈ పరీక్ష చేయకుండానే సూదితో పొడిచి చిల్లు పూడ్చే రబ్బరు తాడు (స్ట్రిప్) దించితే, మంచి టైరుకు చేజేతులా చిల్లు పెట్టినట్టే.

గుర్తించడం

ముందు టైరులో గాలి దిగితే స్టీరింగు ఆ వైపుకు లాగుతుంది, బరువవుతుంది. వెనక టైరులో దిగితే స్టీరింగులో తేడా తెలియదు, కారు వెనక భాగం ఊగినట్టు ఉంటుంది. వేగాన్ని బట్టి మారే టకటక చప్పుడు, గాళ్లలో ఏదో ఇరుక్కుందనడానికి గుర్తు.

టైరు గాలి ఒత్తిడిని చూపే హెచ్చరిక వ్యవస్థలు రెండు రకాలు. మొదటి దానిలో ప్రతి చక్రం లోపలా సెన్సారు ఉండి ఒత్తిడిని నేరుగా కొలిచి రేడియో సంకేతంగా పంపుతుంది. రెండోది ఏబీఎస్ బ్రేకుల సెన్సార్ల మీద ఆధారపడుతుంది. గాలి తగ్గిన చక్రం వ్యాసార్ధం తగ్గి మిగతావాటి కన్నా వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ తేడాను పట్టుకుంటుంది. అమెరికాలో ఫోర్డ్ కార్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి ప్రాణాలు పోయిన ఉదంతం తరవాత 2000లో చేసిన చట్టం ఈ వ్యవస్థను తప్పనిసరి చేసింది. 2007 సెప్టెంబర్ నుంచి అక్కడి కొత్త కార్లన్నిటిలో ఇది ఉంటోంది. యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబర్ నుంచి అన్ని కొత్త కార్లకూ వర్తించింది.

ఒత్తిడి తగ్గిన ప్రతిసారీ పంక్చరు అనుకోనక్కరలేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడిపోతే టైరు ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. బాగున్న టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ కోల్పోతుంది. నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే వాతావరణం, ఒక్కటే తగ్గితే చిల్లు.

దారిలో చేయవలసినది

టైరు దెబ్బతిన్నట్టు తెలియగానే గట్టిగా బ్రేకు వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. స్టీరింగును రెండు చేతులతో పట్టుకొని, యాక్సిలరేటరు మెల్లగా వదిలి, బండి వేగం తానుగా తగ్గేలా చూడాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి ఎడమ వైపుకు, గట్టి చదునైన నేలకు చేర్చాలి. చోటు కోసం తక్కువ వేగంలో కొద్ది దూరం పోవడం వల్ల టైరు పాడైనా సరే, మలుపులోనో వంతెన మీదో నిలపకూడదు. కారులోనివారు ట్రాఫిక్‌కు దూరంగా ఉన్న వైపు నుంచి దిగి, రెయిలింగు అవతల నిలబడాలి. ఎర్ర త్రికోణాన్ని కారుకు కనీసం 50 మీటర్ల వెనక పెట్టాలి. ఎక్స్‌ప్రెస్‌వేపై ఇంకా దూరంగా పెట్టాలి.

గుచ్చుకున్న వస్తువును దారిలో పీకకూడదు. చాలాసార్లు చిల్లును మూసి ఉంచేది అదే. పీకితే దుకాణం దాకా చేరే గాలి కూడా పోతుంది. పొడుచుకు వచ్చి మడ్‌గార్డుకు తగులుతున్న కడ్డీ విషయంలో మాత్రం కదలకుండా అక్కడే చక్రం మార్చుకోవాలి.

చక్రం మార్చేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదురు మూలనున్న చక్రానికి రాయి అడ్డం పెడతారు. నట్లను చక్రం నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేయాలి. ఎత్తాక చేస్తే కారు జాకీ మీద నుంచి జారిపోవచ్చు. జాకీని కంపెనీ పుస్తకంలో చూపిన చోటే పెట్టాలి. స్టెప్నీని కారు కిందికి అడ్డంగా తోసి ఉంచితే, జాకీ జారినా మనిషి మీద పడదు. కొత్త చక్రం నట్లను వరసగా కాక ఎదురెదురుగా బిగించి, కారు దించాక గట్టిగా బిగించాలి. చాలా కార్లకు ఈ బిగింపు 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి చూసుకోవాలి.

మరమ్మతు

ట్యూబు టైరులో పని సూటిగా ఉంటుంది. టైరు విప్పి, ట్యూబును నీళ్లలో ముంచి బుడగ చూసి, ఆ చోట రుద్ది ప్యాచ్ వేస్తారు. గుచ్చుకున్న వస్తువును టైరు నుంచి తీయడం మరిచిపోతే గంటలోనే మళ్లీ పంక్చరవుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లకు మన దేశంలో ఎక్కువగా చేసేది స్ట్రిప్ పద్ధతి. చక్రాన్ని ఊడదీయకుండానే వస్తువును పీకి, ఆకురాయి వంటి పొడుగాటి పరికరంతో చిల్లును గరుకుగా చేసి, జిగురు పూసిన రబ్బరు తాడును సూది కన్నంలో దోపి లోపలికి నెట్టి, సూదిని లాగేస్తారు. పది నిమిషాల పని. గాలి నిలుస్తుంది.

అయినా దీన్ని పూర్తి మరమ్మతుగా టైరు పరిశ్రమ ప్రమాణాలు ఒప్పుకోవు. కారణాలు రెండు. టైరు లోపల ఏం జరిగిందో ఈ పద్ధతిలో ఎవరూ చూడరు. గాలి తక్కువగా ఉన్నప్పుడు కొన్ని కిలోమీటర్లు నడిచిన టైరు పక్క గోడ లోపల నలిగి, రబ్బరు పొడిగా రాలుతుంది. అది విప్పితేనే కనబడుతుంది. రెండోది, తాడు చిల్లును పూడ్చినా లోపలి పొరను అతకదు. చిల్లు గుండా చేరిన తేమ ఉక్కు తీగలను తుప్పు పట్టిస్తుంది. నెలల తరవాత, పంక్చరు సంగతే మరిచిపోయాక, పట్టీ టైరు నుంచి విడిపోవచ్చు.

అందుకే ప్రమాణం ప్రకారం మరమ్మతు లోపలి నుంచి జరగాలి. టైరును రిమ్ము నుంచి విప్పి, లోపలంతా వెలుతురులో చూస్తారు. వస్తువు దిగిన కోణంలోనే డ్రిల్లు బిట్టుతో చిల్లును శుభ్రం చేసి తెగిన తీగ కొసలను తీసేస్తారు. చిల్లు చుట్టూ లోపలి పొరను నున్నగా రుద్ది, జిగురు పూసి, అది ఆరి అంటుకునే దశకు వచ్చాక, గొడుగు ఆకారపు ప్లగ్గును లోపలి నుంచి బయటికి లాగుతారు. దాని కాడ చిల్లును నిండుగా పూడుస్తుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుంటుంది. చిన్న రోలరుతో మధ్య నుంచి అంచులకు నొక్కి గాలి బుడగలు లేకుండా చేస్తారు. బయటికి వచ్చిన కాడను గాళ్ల మట్టానికి కోసి, గాలి నింపి, సబ్బు నీళ్లతో చూసి, చక్రాన్ని బ్యాలెన్స్ చేస్తారు. వస్తువు బాగా ఏటవాలుగా దిగి ఉంటే కాడను, ప్యాచ్‌ను విడివిడిగా వేస్తారు.

ఏ చిల్లును బాగుచేయవచ్చన్న దానికి హద్దులున్నాయి. అమెరికా పరిశ్రమ ప్రమాణం 6 మిల్లీమీటర్లకు మించని చిల్లును, అదీ రోడ్డును తాకే భాగంలో ఉంటేనే ఒప్పుకుంటుంది. బ్రిటిష్ ప్రమాణం ఆ భాగంలోనూ నడిమి నాలుగింట మూడు వంతులకే చిన్న మరమ్మతును పరిమితం చేసింది. పక్క గోడ, అది రోడ్డును తాకే భాగంతో కలిసే భుజం, బీడు దగ్గరి చిల్లులకు మరమ్మతు లేదు. పాత మరమ్మతు మీద పడిన చిల్లుకు, గాళ్లు 1.6 మిల్లీమీటర్లకు అరిగిన టైరుకు కూడా అంతే. ఈ 1.6 మిల్లీమీటర్లు భారత మోటారు వాహన నిబంధనల్లోనూ కార్లకు కనీస పరిమితి. స్పానరు వంటిది చీల్చిన టైరు దాదాపు ఎప్పుడూ ఈ హద్దులు దాటిపోతుంది. ఖరీదు చూసి దాన్ని అతికించి నడపడం తగదు.

దూర ప్రయాణం మధ్యలో స్ట్రిప్ వేయించుకోవడంలో తప్పు లేదు. ఊరు చేరాక టైరు విప్పించి లోపల చూపించకపోవడమే అసలు లోపం.

స్టెప్నీ, కిట్లు, పంక్చరును తట్టుకునే టైర్లు

పూర్తి కొలత స్టెప్నీ ఉంటే ప్రయాణం మామూలుగా సాగుతుంది. చోటు, బరువు కలిసిరావాలని చాలా కార్లలో ఇచ్చే సన్నటి స్టెప్నీని గంటకు 80 కిలోమీటర్లకు మించి నడపకూడదు. ఏది ఉన్నా, దానిలో గాలి చూసేవారు అరుదు. అవసరమైన రోజున స్టెప్నీ కూడా చప్పబడి కనిపించడం తరచుగా జరిగేదే.

కేంద్ర రవాణా శాఖ 2020 జులై ప్రకటన ప్రకారం, 3.5 టన్నుల లోపు ప్రయాణికుల వాహనాలకు ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు ఒత్తిడి హెచ్చరిక వ్యవస్థ, మరమ్మతు కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కరలేదు. అలాంటి కిట్టులో చిన్న కంప్రెసరు, ద్రవం సీసా ఉంటాయి. వాల్వు గుండా ఎక్కించిన ద్రవం చిల్లు దగ్గర గడ్డకట్టి గాలిని ఆపుతుంది. అది చిన్న చిల్లులకే పనిచేస్తుంది, చీలికకు పనిచేయదు. ద్రవానికి గడువు తేదీ ఉంటుంది. వాడాక టైరు లోపల, సెన్సారు మీద పేరుకున్నదాన్ని శుభ్రం చేయించాలి. ద్రవం వాడిన సంగతి మెకానిక్కుకు ముందే చెప్పడం మంచిది, లేకపోతే టైరు విప్పగానే అతని మీద పడుతుంది.

రన్‌ఫ్లాట్ టైర్ల పక్క గోడలు గట్టివి కాబట్టి గాలి లేకపోయినా కారు బరువును మోస్తాయి. సాధారణంగా 80 కిలోమీటర్ల వేగంలో 80 కిలోమీటర్ల దూరం వరకు వాటిని నడపవచ్చు. ఖరీదు ఎక్కువ, కుదుపు ఎక్కువ, ఒకసారి గాలి లేకుండా నడిచాక బాగుచేయడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. లోపల జిగట పొర ఉన్న టైర్లు మరో రకం. మేకు దిగగానే ఆ పొర దాని చుట్టూ అంటుకుపోతుంది. గాలే అక్కరలేని టైర్లలో మిషెలిన్, జనరల్ మోటార్స్ 2019లో చూపిన అప్టిస్ ప్రసిద్ధం. విద్యుత్ కార్ల టైర్లలో కొన్నిటికి చప్పుడు తగ్గించడానికి లోపల స్పాంజి అంటించి ఉంటుంది. పంక్చరు పడితే ఆ చోట స్పాంజిని కోసి తీసి, ప్యాచ్ వేయాలి. ఈ కార్ల అడుగున బ్యాటరీ ఉంటుంది కాబట్టి జాకీని చోటు తప్పి పెట్టడం మరింత నష్టం.

విమానాశ్రయాల అనుభవం

తుక్కు వల్ల టైరు దెబ్బతినడం ఎంత దూరం పోగలదో 2000 జులై 25న పారిస్‌లో కనబడింది. ముందు ఎగిరిన ఒక డీసీ-10 విమానం నుంచి రన్‌వేపై పడిన టైటానియం లోహపు పట్టీని ఎయిర్ ఫ్రాన్స్ కాన్‌కార్డ్ టైరు తొక్కింది. ఆ పట్టీ పొడవు అర మీటరు కూడా లేదు. టైరు నుంచి ఊడిన నాలుగున్నర కిలోల రబ్బరు ముక్క రెక్కలోని ఇంధన ట్యాంకుకు తగిలి మంటలు లేచాయి, 113 మంది చనిపోయారు. రన్‌వేలను పదే పదే తనిఖీ చేసి తుక్కు ఏరడం విమానాశ్రయాలకు నిత్యవిధి. రహదారులకు అంత కట్టుదిట్టమైన ఏర్పాటు లేదు.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఏ సెక్షను, రోడ్డు నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గాని అంగవైకల్యం గాని కలిగితే బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చెబుతుంది. టైరు మాత్రమే పోయిన సందర్భానికి అది వర్తించదు. మన దేశంలోని సాధారణ సమగ్ర బీమా కూడా, అదే ప్రమాదంలో కారుకు నష్టం జరిగితే తప్ప టైరు నష్టాన్ని భరించదు. భరించినా సగం ఖరీదే ఇస్తుంది. దీని కోసం అదనపు ప్రీమియంతో టైరు రక్షణ కవరు విడిగా తీసుకోవాలి.

జాతీయ రహదారిపై మేకులు, ఇనుప ముక్కలు, లారీ టైరు పట్టీలు పడి ఉండటం చూసినవారు 1033 నంబరుకు ఫోన్ చేసి, దగ్గరి కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరి వైపు పోయే దారో చెప్పాలి. ఈ నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.